తల్లి పంది వయసు

శనివారం రాత్రి, కమ్మింగ్

పందిపిల్ల గురించి డైరీ ఏమిటని రాయకుండానే పడుకోబోయాను. కళ్లు మూస్తే అదే కనిపిస్తోంది.

మనవరాలు రూతుకి మినీ పందిపిల్ల కావాలి. చిన్నగా ఉంటేనే ఇంట్లో ఉంచుతానని వాళ్ల నాన్న షరతు. అందుకే ఫారంలో నేను పెద్దరికం వెలగబెట్టాను: "తల్లిని చూసి పిల్లని తెచ్చుకోవాలమ్మా." ఈ సామెత పట్టుకునే మా అమ్మ నాకు సంబంధం చూసింది. మా అత్తగారు మహా శాంతమూర్తి. ఆ కథ ఇప్పుడెందుకులే.

తల్లి పంది తలగడంతే ఉంది. నీరెండలో, నేలకు దిగిన మబ్బుతునకలా పడుకుని ఊపిరి తీసుకుంటోంది. పిల్ల నా బూటు మీద మూతి ఆనించి, ఏదో కలలో ఉన్నట్టు దవడలు ఆడిస్తోంది.

"ఇంకేం చూస్తావు, తీసుకో" అన్నాను.

రూతు మాత్రం తల్లి పంది వయసెంతని ఫారం ఆవిడను అడిగింది. ఏడాదట.

"తాతయ్యా, పిగ్స్ ఫోర్, ఫైవ్ ఇయర్స్ గ్రో అవుతాయి. ఈ మామ్ కూడా ఇంకా కిడ్డే. పెద్దదయ్యాక డాడీ పంపించేస్తే అది ఎక్కడికి వెళ్తుంది?"

నా సామెతలో తల్లి వయసు ప్రసక్తే లేదు. రూతు పిల్లని ఎత్తి తల్లి పక్కన పడుకోబెట్టింది. ఖాళీ చేతులతో ఇంటికొచ్చాం.

గరాజ్‌లో బూట్లు విప్పుతుంటే చూశాను. ఎడమ లేసు కొస నమిలేసి ఉంది.