దావీదు నేర్పిన రాగం

ఆత్మకూరు,
1956 నవంబరు 20

చిరంజీవి కృపమణికి నాయన దీవించి రాసేది. దేవుని దయవల్ల నేనూ మీ అమ్మా కులాసాగా ఉన్నాం. తెల్లావు కూడా కులాసాయే, పెయ్యదూడను ఈనింది. నర్సు చదువులో పడి తిండి మానుకోవద్దని మీ అమ్మ నాలుగుసార్లు రాయమంది. ఒకసారే రాస్తున్నాను.

నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు అడిగావు. మొదటిది ఈ ఏడు కోత పండుగ ఎట్లా జరిగిందని. రెండోదానికి తర్వాత వస్తాను. దానికి కొంచెం ధైర్యం కావాలి.

పండుగంటావా, నవ్వీ నవ్వీ పక్కలు నొప్పి పుట్టాయి. గుడి నిండా జొన్న కంకులు, వేరుశనక్కాయ గంపలు, గుమ్మడికాయలు. విశ్వాసమ్మవ్వ కానుకగా తెచ్చిన పుంజు, ప్రార్థన మొదలైనప్పుడల్లా కూసింది. కొత్త పాస్టరుగారు కడప మనిషి, సంగీతం బాగా తెలిసినవాడు. అందరం కలిసి పాడదామని పుస్తకం తెరిచి ఒక పాట చెప్పాడు. ఏ పాటో తెలుసా? రెండేళ్ల కిందట దసరా సెలవులకు వచ్చినప్పుడు, మీ అన్న దావీదురాజు కర్నూలు హాస్టలులో నేర్చుకొని వచ్చి ఊరందరికీ నేర్పిన కోతపాట.

వాడు నేర్చుకొచ్చింది సగమే. పల్లవి చివర "స్తోత్రము" అన్నచోట రాగం మెల్లగా కిందికి దిగాలి. ఆ దిగడం వాడికి జ్ఞాపకం లేదు. అవతలి చేన్లో ఉన్నవాణ్ణి అన్నానికి పిలిచినట్టు పైకెత్తి పాడేవాడు. తప్పురా అంటే, "దేవునికి పాడేది పైకి పోవాల గదా నాయనా, కిందికెందుకు దిగాల?" అనేవాడు. బి.ఏ. చదివేవాడి తర్కం అది!

వాడు పోయాక ఆ పాటను గుడిలో ఎవరూ ఎత్తలేదు. కానీ కలుపు తీసేటప్పుడు ఆడవాళ్లు పాడుకుంటూనే ఉన్నారట, నాకు వినపడకుండా. మొన్న "స్తోత్రము" దగ్గర పాస్టరుగారు ఒక్కడే కిందికి దిగాడు. గుడి మొత్తం పైకి పోయింది. ఆపి మళ్ళీ పాడించాడు. మళ్ళీ పైకే. మూడోసారి విశ్వాసమ్మవ్వ లేచి నిలబడింది.

"అయ్యా, మాకు దావీదు నేర్పిచ్చినాడు. నువ్వే యాడనో తప్పు నేర్సుకొని ఉండావు, సూసుకో."

ఆయన పాపం నావైపు తిరిగాడు. "మాస్టారూ, బడిలో పాటలు నేర్పేవారు, ఏది సరైనదో మీరే చెప్పండి."

అందరూ నన్నే చూస్తున్నారు. మీ అమ్మ తల వంచుకుంది. బిడ్డ పోయినప్పటినుంచి ఆమె గుడిలో నోరు తెరిచి పాడలేదని నీకు తెలుసు.

ఇక నీ రెండో ప్రశ్న. రెండేళ్ల కిందట కోత పండుగ రేపనగా అన్న శనివారమే ఎందుకు బయల్దేరాడని అడిగావు. కాలేజీలో పనుందని నేనే అందరికీ చెప్పాను. అది అబద్ధం తల్లీ. ఆ మధ్యాహ్నం వాణ్ణి బడి వెనక్కి పిలిచి, "రేపు నువ్వు ముందు నిలబడి పాడొద్దు, నా పరువు పోతుంది. నేను పాడతాను" అన్నాను. వాడు ఇంటికి పోయి సంచి సర్దుకున్నాడు. కాసేపటికే వేరుశనగ మూటల లారీ ఎక్కాడు. ఆ లారీయే బోల్తా పడింది. ఇరవై ఏళ్లవాణ్ణి ఒక్క రాగం కోసం ఇంట్లోంచి పంపేశాను. రెండేళ్లుగా ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయాను.

అందుకే మొన్న లేచి, "అయ్యగారూ, పుస్తకంలో ఉండేది మీ రాగమే. ఈ ఊళ్లో మాత్రం ఇట్లా పాడతాం" అని వాడిలాగే గొంతెత్తాను. పైకి పోయాక గొంతు జీరపోయింది. పిల్లలు కిసుక్కుమన్నారు. అప్పుడు ఆడవాళ్ల వైపునుంచి మీ అమ్మ అందుకుంది. గట్టిగా, తప్పుగా, ఎంత బాగా పాడిందో!

ఇంటికొచ్చి ఆమెకు అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. కళ్లు తుడుచుకొని నవ్వింది.

"నాకు తెల్సు. లారీ ఎక్కేటప్పుడే చెప్పినాడు. నువ్వెప్పుడు చెప్తావా అని సూస్తాండా."

"కోపంగా పోయినాడా?"

"యాడ కోపం! శానా నవ్వుకుంటా ఎక్కినాడు. 'ఈసారికి నాయననే పాడనీమ్మా, క్రిస్మసు సెలవులకొచ్చి ఆయనకూ నేర్పిస్తా' అన్యాడు."

నేర్చుకున్నాను తల్లీ. నువ్వు క్రిస్మసుకు రా, నీకు నేను నేర్పుతాను.

ఇట్లు,
నీ నాయన,
ఏసన్న