నాలుగు వేల దగ్గర గుంత

మార్చి 3, సోమవారం

ఫ్యాక్టరీవాళ్లు బాబాయి చెవులు తినేసి, వినికిడి పరీక్ష కాగితం మీద "నార్మల్" అని ముద్ర కొట్టారు. ఇరవై రెండేళ్లు రేకులు కొట్టే ప్రెస్ మెషీన్ పక్కన నిలబెట్టింది చాలక, పదిహేడో తారీకు నుంచి దానిమీదే డబుల్ షిఫ్టట. పిన్ని వంటింట్లోంచి పిలిస్తే పలకడు. పొగరనుకుంటుంది ఆవిడ.

మార్చి 5

బాబాయిదీ, అదే షెడ్డులో పనిచేసే నాదీ హియరింగ్ చార్టులు జెరాక్స్ తెచ్చుకున్నాను. లైబ్రరీలో కూర్చుని, చదవడం నాకు నేనే నేర్చుకున్నాను.

ఎడమ నుంచి కుడికి వెళ్లేకొద్దీ శబ్దం కీచుగా సన్నబడుతుంది. గీత ఎంత కిందికి దిగితే అంత గట్టిగా మోగితే తప్ప వినపడనట్టు. ఎర్ర సున్నా కుడి చెవి, నీలం ఇంటూ ఎడమ చెవి. మోతలో బతికేవాడి గీత నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర గుంతలో పడుతుంది.

నా గీతలో గుంత మొదలైంది. ఆరేళ్ల సర్వీసుకే.

బాబాయి గీత మాత్రం చాప పరిచినట్టుంది. పసిపిల్లాడి చెవులు! ఎవడో దొంగరాత రాశాడు.

మార్చి 6

పరీక్ష చేసిన నర్సమ్మ మీద ఎగిరాను. చెవిలో టోన్ మోగించిన ప్రతిసారీ ఆయన వినపడిందని బటన్ నొక్కాడు, నన్నేం చెయ్యమంటావయ్యా అంది.

మార్చి 9, ఆదివారం

నిలదీస్తే బాబాయి నవ్వాడు. టోన్ ఇవ్వడానికి నర్సమ్మ భుజం కదిలినప్పుడల్లా బటన్ నొక్కుతాడట. షెడ్డులో అందరూ అంతేనట. "ఫెయిలైతే గేటు దగ్గర కూచోబెడతార్రా పిచ్చోడా! ప్రెస్‌లో డైలు బిగించిన చేత్తో సలాములు కొట్టమంటావా?" అన్నాడు.

ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియలేదు. నా చార్టు ముందు పెట్టి చెప్పాను: ఈ గుంతలో పడేవి స, ఫ, త లాంటి శబ్దాలు. నీ మనవరాలు మాట్లాడుతుంటే గొంతు వినిపిస్తుంది, మాట అందదు. అవునా కాదా?

ఇన్నాళ్లూ గోడతో కాపురం చేశానన్నమాట అంది పిన్ని. బాబాయి నవ్వు ఆగిపోయింది.

మార్చి 12

నర్సమ్మని ఒప్పించి మళ్లీ పరీక్ష చేయించాను. బాబాయి తనే కుర్చీని గోడవైపు తిప్పుకున్నాడు. బటన్ మీద బొటనవేలు. ఎంతసేపటికీ కదల్లేదు.

గుంత కాదు, బావి. నాలుగు వేల దగ్గర డెబ్బై ఐదు డెసిబెల్స్ మోగితే తప్ప వినపడదు.

నర్సమ్మ సంతకం పెట్టింది. మేనేజరు చూడనైనా చూడలేదు. పాత రిపోర్టే చెల్లుతుంది, డబుల్ షిఫ్టు మారదు అన్నాడు.

మార్చి 13, ఉదయం 6

భోజనాల వేళ షెడ్డులో చార్టు చదవడం నేర్పాను నిన్న. ఒక్కొక్కడూ తల దించుకుని, తనూ భుజం చూసే నొక్కానని ఒప్పుకున్నాడు. అర్జీ మీద పందొమ్మిది సంతకాలు. మొదటిది బాబాయిది.

ఇవాళ మేనేజరు టేబుల్ మీద పెట్టబోయే కాగితానికి నకలు:

మొదటి సంతకం పెట్టిన మనిషిని ప్రెస్ మీంచి తీసి, మోత లేని టూల్ రూములో వెయ్యండి. గ్రేడు తగ్గించొద్దు. మా అందరికీ మళ్లీ పరీక్ష చెయ్యండి, వీపు నర్సమ్మవైపు పెట్టి కూర్చుంటాం. శనివారం సాయంత్రం ఐదింటికల్లా రాతపూర్వకంగా జవాబివ్వండి.