చల్లగనే ఉన్నదన్న గద!

ఇబ్రహీంపట్నం,
ఫిబ్రవరి 2007

ప్రియమైన తమ్ముడు సంజీవకు అక్క భవాని దీవెనలు.

ఫోను అందని ఆ మంచుకొండల మీద నీ ఒంట్లో ఎట్లా ఉందో ముందు అడగాలి. కానీ కోపం ఆగడం లేదు, ముందు ఆ సంగతే రాస్తాను.

నువ్వు సెలవుకొచ్చి అమ్మకు కొనిచ్చిన మైక్రోవేవ్ ఓవెన్ తిరుగుతోంది గానీ వేడెక్కడం లేదు. షుగర్ వల్ల చూపు పోయినా అమ్మ వంటింటిని వదలలేదు. గ్యాస్ పొయ్యి దగ్గర కొంగు అంటుకుంటే పక్కింటి గౌసియా బేగం బిందెడు నీళ్లు కుమ్మరించి కాపాడింది. అందుకే కదా ఇది కొన్నావు. నేను పొద్దున్నే వండిపెట్టి కాలేజీ ల్యాబ్ డ్యూటీకి వెళ్తాను. మధ్యాహ్నం అమ్మ గిన్నె లోపల పెట్టి, నువ్వు బటన్ మీద అంటించిన బొట్టుబిళ్లను తడిమి నొక్కుతుంది. ప్లేటు తిరుగుతుంది, గంట మోగుతుంది. అన్నం మాత్రం చల్లగానే ఉంటుంది.

దుకాణం వాళ్లకు చెప్పగా చెప్పగా మెకానిక్‌ని పంపారు. నేను డ్యూటీకి బయలుదేరుతుంటే వచ్చాడు. గ్లాసులో నీళ్లు పెట్టాడు, పొగలు వచ్చాయి. "మిషిన్ మంచిగనే ఉన్నది మేడం. ముసలామెకు నొక్కుడు రాదు. ఊర్లోల్లకు గిసొంటియి ఎందుకు?" అన్నాడు. అమ్మ అక్కడే కూర్చుని ఉంది! కళ్లు లేనివాళ్లకు చెవులు కూడా ఉండవనుకున్నాడేమో. వాడి బ్యాగు తీసి గేటు బయట పెట్టాను.

నువ్వు మిలిటరీలో పెద్ద పెద్ద జనరేటర్లే బాగుచేస్తావు కదా, దీని రోగమేంటో రాయి. మూత విప్పి చూడమంటావా?

నీ అక్క,
భవాని

*

మార్చి 2007

ప్రియమైన అక్కా, నీకూ అమ్మకూ నా దండాలు. నేను బాగున్నాను.

మూత జోలికి అస్సలు వెళ్లకు. ప్లగ్గు పీకేసినా దాని లోపల కరెంటు దాగి ఉంటుంది, ముట్టుకుంటే ప్రాణం పోతుంది. బయటినుంచే చూడు. తలుపు గట్టిగా పడుతోందా? సందులో మెతుకులేమైనా ఇరుక్కున్నాయా? పవర్ బటన్ తగ్గించి ఉందా? అమ్మ పొరపాటున స్టీలు గిన్నె పెడుతోందా? ఇవి చూసి రాయి.

ఆ మెకానిక్ నా ఎదుట ఆ మాట అని ఉంటే బ్యాగొక్కటే బయటపడేది కాదు.

నీ తమ్ముడు,
సంజీవ

*

ఇబ్రహీంపట్నం,
మార్చి నెలాఖరు

ప్రియమైన సంజీవా,

నువ్వు చెప్పినవన్నీ చూశాను. తలుపు బాగుంది. పవర్ పూర్తిగానే ఉంది. స్టీలు గిన్నె అన్న మాట చదివి వినిపిస్తే అమ్మ, "వాడు గూడ గట్లనే అడుగుతుండా?" అంది. గాజు గిన్నె తప్ప ఏనాడూ పెట్టలేదు.

పొద్దున నేను పెడితే వేడెక్కుతుంది. రాత్రి పెట్టినా వేడెక్కుతుంది. మొన్న ఆదివారం మన బాలరాజన్న పెద్ద అంబర్‌పేట్‌లో తన ఇంటి నుంచి వచ్చి సరిగ్గా మధ్యాహ్నమే పెట్టి చూశాడు. వేడెక్కింది. అమ్మ అంది: "ఇయ్యాల దాని సప్పుడు మంచిగున్నది బిడ్డా. రోజు మధ్యాన్నం మూల్గుతది."

అన్న పకపకా నవ్వాడు. "మిషిన్ మూల్గుడేందమ్మా? నీకు మతి తప్పుతున్నది. ఉడుకన్నం తిని చల్లగున్నదంటున్నవ్."

"చల్లగనే ఉన్నది. చల్లటిదాన్ని చల్లగున్నదనక ఏమనాలె?"

ఆ తర్వాత అన్న నన్ను వాకిట్లోకి పిలిచి, ఈమెను ఒంటరిగా ఉంచితే ఒకరోజు ఇల్లు కాల్చుకుంటుంది, నా దగ్గర పెట్టుకుంటాను అన్నాడు. వాళ్ల ఇంట్లో అమ్మను వంటింటి గడప తొక్కనివ్వరు, నాకు తెలుసు. రోజంతా టీవీ ముందు కూర్చోబెడతారు.

ఏం చేయనురా? అమ్మకు తెలియకుండా గౌసియా అక్కను మధ్యాహ్నం కిటికీలోంచి కనిపెట్టి చూడమన్నాను. అమ్మ బటన్ సరిగానే నొక్కుతోందని ఆమె చెప్పింది. అన్న అదీ నమ్మలేదు. చివరికి నేనే సరేనన్నాను. ఏప్రిల్ మూడో వారంలో కారు తెస్తాడు. అమ్మ చీరలు మడత పెట్టుకుంటోంది.

భవాని

*

ఏప్రిల్ 2007

అక్కా,

ఈ ఉత్తరం కారుకంటే ముందు చేరాలని మొక్కుకుంటున్నాను.

కన్నతల్లికి కిటికీలోంచి కాపలా పెడతారా! అన్న నవ్వేసిన అమ్మ మాటలోనే జవాబుంది, చదివి నాకు ఒళ్లు మండిపోయింది. స్టీలు గిన్నె అని అడిగినందుకు నా మీద కూడా మండింది. మిషను మూలుగుతుందక్కా. కరెంటు వోల్టేజీ పడిపోతే అచ్చంగా మూలుగుతుంది. లైటు వెలుగుతుంది, ప్లేటు తిరుగుతుంది, కానీ అన్నం వేడి చేసేంత బలం ఉండదు. అమ్మ తెలివి దివ్యంగా ఉంది.

సెలవు పెట్టు. ఆదివారం కాదు, పనిదినం మధ్యాహ్నం నువ్వే గ్లాసు నీళ్లు పెట్టు. పెట్టేముందు లైటు, ఫ్యాను వేసి చూడు. మీ దగ్గర ఆదివారం ఆగిపోయి మిగతా రోజుల్లో నడిచే పని ఏముందో కనుక్కో.

అమ్మను కారెక్కనివ్వకు.

సంజీవ

*

ఇబ్రహీంపట్నం,
మే 2007

ప్రియమైన తమ్ముడా,

నీ ఉత్తరం అందేసరికి అమ్మ సంచి గడపలో ఉంది. బాలరాజన్నకు ఫోన్ చేసి కారు వద్దన్నాను. "నువ్వు గూడ పిచ్చిదానివైతున్నవ్" అని పెట్టేశాడు.

మరునాడు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. మధ్యాహ్నం ఫ్యాను వేస్తే రెక్కలు లెక్కపెట్టేంత నెమ్మదిగా తిరిగింది. ట్యూబులైటు వెలగనే లేదు. ఓవెన్లో నీళ్లు పెట్టాను. ఊ... అని మూలిగింది, నిజంగానే. గంట మోగాక వేలు ముంచితే కుండలో నీళ్లలా ఉన్నాయి. అమ్మ పక్కనే నిలబడి ఉంది. గ్లాసు తడిమి తనూ వేలు ముంచి చూసింది.

గౌసియా అక్కను అడిగితే, "మధ్యాన్నం మిక్సీ తిరగదని పొద్దుగాలనే రుబ్బుకుంటున్న గదా" అంది. వాడకట్టులో అందరిదీ అదే కథ. ఎవరికి వాళ్లు సర్దుకున్నారు తప్ప ఎందుకిట్లా అని ఒక్కరూ అడగలేదు. మన వెనక చెలక పొలాల్లో ఇళ్ల ప్లాట్ల వెంచర్ వేశారు కదా, వాళ్ల బోరు మోటార్లు, కంకర కలిపే మిషన్లు అన్నీ మన ట్రాన్స్‌ఫార్మర్ మీదే నడుస్తున్నాయి. ఆదివారం కూలీలకు సెలవు. అందుకే ఆదివారం మనకు వెలుగు!

అమ్మ, నేను, గౌసియా అక్క, వాడకట్టు ఆడవాళ్లం కరెంటు ఆఫీసుకు వెళ్లాం. అక్కడి సారు తల ఎత్తకుండానే, "ఊరు పెరుగుతున్నదమ్మా, జర సర్దుకోవాలె" అన్నాడు.

అమ్మ నా చెయ్యి వదిలి, గొంతు వినబడిన దిక్కు ఒక్కతే నడిచింది. బల్ల తగిలాక ఆగింది. "ఊరు పెరుగుతె మా ఇండ్లల్ల కరెంటు తరుగాల్నా సారూ? బిల్లు మాకు పంపుతరు, కరెంటు వాళ్లకు పంపుతరా? నాకు కండ్లు లేవని నా కొడుకులే నన్ను నమ్మకపోయిరి. ఇగ నీకు కండ్లున్నయి గద, వచ్చి చూడు."

ఆయన ఆ రోజు రాలేదు. మేము మళ్లీ వెళ్లాం, మళ్లీ వెళ్లాం, గుమ్మంలో కూర్చున్నాం. చివరికి లైన్‌మన్ మీటరు పట్టుకుని మధ్యాహ్నం వేళ వచ్చి చూసి నోరు వెళ్లబెట్టాడు. ఇప్పుడు వెంచర్‌కు వేరే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. పెట్టిన మధ్యాహ్నమే వాడకట్టంతా మిక్సీల మోత. నేనైతే ఆ మోత వింటూ ఏడ్చాను.

బాలరాజన్న నిన్న వచ్చాడు. అమ్మ తనే గిన్నె పెట్టి, తనే నొక్కి, పప్పన్నం వేడి చేసి అతని ముందు పెట్టింది. అన్న మొదటి ముద్దకే నోరు కాల్చుకుని, తలవంచుకుని అన్నాడు: "నాకెట్ల తెలుస్తదమ్మా?"

"నేను చెప్పిన గద బిడ్డా" అంది అమ్మ.

అన్న చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. నేను మంచినీళ్ల వంకతో బయటికి వచ్చేశాను.

ఒళ్లు జాగ్రత్త, చలికి తిండి మానకు.

నీ అక్క,
భవాని