సుబ్బమ్మ దిద్దిన నాటకం

ఒరేయ్ మస్తాన్,

నువ్వు పోయాక మన కాలేజీ పిల్లలు సొంతంగా అల్లిన మొదటి నాటకం నిన్న ఆడారు. పోటీకి అచ్చయిన నాటకమేదైనా వేద్దామన్నాడు కొత్త లెక్చరర్. పిల్లలు నీ పద్ధతే కావాలన్నారు. మిరపకాయలు ఏరే ఆడవాళ్ళ కబుర్లు విని కథ కట్టారు, తొలి ఆట వాళ్ళ ముందే కల్లంలో వేశారు. "వాళ్ళు మెచ్చకపోతే అచ్చు నాటకమే," అన్నాడాయన.

హార్మోనియం నాదే. ఘాటుకి సగం డైలాగులు తుమ్ముల్లో కలిసిపోయాయి.

పెళ్ళాం వేషం వేసిన పిల్ల మొగుడి శవం మీద పడి ఏడుస్తుంటే, కూలీల్లోంచి సుబ్బమ్మ లేచింది.

"ఆపండెహె! మా ఆయన పోయినప్పుడు నేనట్టా ఏడవలా. కాయలేరుకుంటా తిట్టా."

"ఏమని పెద్దమ్మా?" అంది ఆ పిల్ల.

"చెప్పాపెట్టకుండా పోతావా ముదనష్టపోడా, అని."

ఆ పిల్ల ఆమె పక్కనే కూర్చుని, కాయలు ఏరుతూ ఆ సీను మళ్ళీ చేసింది. కల్లమంతా నవ్వింది. ఈ నాటకమే పంపుదామంటూ లెక్చరర్ కళ్ళు తుడుచుకున్నాడు. కాయల ఘాటన్నాడు.

బయల్దేరుతుంటే సుబ్బమ్మ, "మస్తాన్ మేష్టారేడయ్యా?" అంది. చెప్పాను. కాయలు ఏరుతూనే నిన్ను తిట్టడం మొదలుపెట్టింది. బస్సెక్కమని పిల్లలు కేకలేస్తున్నా, అక్కడే కూర్చుని అంతా విన్నాను.