లల్లా ఖీరా పాస్‌పోర్టు

అల్జీర్స్, సోమవారం

గౌరవనీయులైన లల్లా ఖీరా గారికి సలాములు.

మీరు నన్ను మరిచిపోయి ఉండరు. పన్నెండేళ్ళ కిందట మన రెండు దేశాలకీ చెడి, ఇక్కడి మా రాయబార కార్యాలయం మూసేసిన రోజున, గేటు దగ్గర మీ వీసా తిరస్కరించారని చెప్పిన మనిషిని. రెండు ప్రభుత్వాలూ మళ్ళీ చేతులు కలిపాయి. అదే భవనానికి నన్నే పంపారు. బూజులు దులిపించి జెండా ఎగరేశాం. నాకు మాత్రం ఒక పని మిగిలిపోయింది.

సంబంధాలు తెగినప్పుడు మాకొక వరస ఉంది. ముందు సంకేతాల పుస్తకాలు, తరవాత రహస్య పత్రాలు తగలబెట్టాలి. జనం పాస్‌పోర్టులు మాత్రం ముట్టుకోకుండా, తాళాలతో పాటు మూడో దేశం వాళ్ళకి అప్పగించాలి. ఆ రోజు పెరట్లో కాగితాలు కాల్చే పీపా దగ్గర ఉన్నది నేనే. కంగారులో పాస్‌పోర్టుల పెట్టె కూడా మంటలో బోర్లించాను. మీ పాస్‌పోర్టు మీద వీసా ముద్ర ముందురోజే వేశాను. మీరేమో మా దేశంలో ఉన్న మీ ఆయన దగ్గరికి వెళ్ళడానికి బస్సు టిక్కెట్టు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. కాల్చేశానని చెప్పడానికి నోరు రాలేదు. వీసా తిరస్కరించారని, పాస్‌పోర్టు తరవాత మూడో దేశం వాళ్ళు తిరిగిస్తారని చెబితే, తప్పు ప్రభుత్వం మీదికి పోతుందనుకున్నాను. పోయింది కూడా. నేను ఉద్యోగంలో మెట్లెక్కుతూ వచ్చాను, మీ సంసారం నా చేతుల్లో కూలిపోయింది. సిగ్గుగా ఉంది. మీరేం చెప్పినా తల వంచుతాను.

మీకు అన్యాయం చేసిన
అబ్దెల్‌హక్

త్లెంసెన్, గురువారం

అబ్దెల్‌హక్ గారికి, మీ ఇంటిల్లిపాదికీ శాంతి కలగాలి.

నా సంసారానికేం, బాగానే ఉంది. మీరన్న మాటే నా భర్త మిలూద్‌కి కబురు పెట్టాను. పాస్‌పోర్టు కాలిపోయిందని తెలిస్తే కొత్తది వచ్చేదాకా ఆగేవాడు. మీ దేశం నన్ను వద్దందని వినేసరికి పౌరుషం వచ్చింది. నా పెళ్ళాన్ని రానివ్వని దేశం నాకెందుకని, ఆ నెలలోనే సరిహద్దు కొండలకి అడ్డంపడి నడిచి వచ్చేశాడు. దొంగదారిన వచ్చినవాడు, మళ్ళీ వెళ్ళే దారి లేకపోయింది.

మా అత్తగారికి ఆయనొక్కడే కొడుకు. ఆయన వచ్చేసిన ఐదో ఏట ఆవిడ అక్కడే పోయింది. ఆ సంగతి మాకు మూడు నెలలకి తెలిసింది. అప్పటినుంచీ ఆయన మీ ప్రభుత్వాన్ని తిట్టుకుంటూనే ఉన్నాడు. "ప్రభుత్వాలకి తల్లి ఉండదు కదే ఖీరా" అంటాడు. అలా తిట్టుకుంటేనే ఆయన మనసు కుదుటపడుతుంది.

మీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించలేదు. నేను మిమ్మల్ని క్షమించడం తేలికే. మీ అబద్ధం నాకు మొగుణ్ణి తెచ్చిపెట్టింది. మీరు చెప్పుకోవలసింది ఆయనకి, అదీ ఉత్తరంలో కాదు. వచ్చే శుక్రవారం కుస్‌కుస్ వండుతాను. రండి, ఆయనకెదురుగా కూర్చోండి. ముందు చెప్పండి. ఆ తరవాత ఆయన తినమంటే తినండి.

ఖీరా