రాసివ్వని ఏజెంటు, ఎదురింటి ఫోను

వడమాలపేట,
జూన్ 2003.

తిరుపతిలో కాంట్రాక్టు ఉద్యోగాలు చూపించే గోవిందయ్య గారికి, డ్రాఫ్ట్స్‌మన్ మునికుమార్ నమస్కారాలు.

అయ్యా, తడ దగ్గర ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్ కావాలన్న మీ ప్రకటన చూసి, పుత్తూరు దాకా పోయి, ఇంటర్‌నెట్ సెంటర్లో కూర్చుని మీకు మెయిల్ మీద మెయిల్ కొట్టాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంటికొస్తే మాత్రం మీరు ఫోన్ చేశారని వీధి వీధంతా చెప్పింది. నా బయోడేటాలో పి.పి. అని రాసిన నంబరు మా ఎదురింటి తిరుమలమ్మత్తది. చావు కబురుకో కాన్పు కబురుకో తప్ప దానికి చేయొద్దు.

నాకు ఫోను మాటల మీద నమ్మకం పోయిందండీ. పోయినేడు మద్రాసు ఏజెంటు ఒకాయన ఏసీ గదన్నాడు, కంపెనీ బస్సన్నాడు, భోజనమన్నాడు. అన్నీ ఫోన్లోనే. తీరా పోతే రేకుల షెడ్డు. వానొస్తే గొడుగు నేను గీసిన బొమ్మల మీద పట్టి, నేను తడిసేవాణ్ణి. అడిగితే "నేనెప్పుడు సెప్తిని? కాగితం ఉంటే సూపించు" అన్నాడు. అందుకని జీతం, గది, సెలవులు అన్నీ రాసి పంపండి. మెయిల్ చేతకాకపోతే పోస్టుకార్డయినా చాలు.

దయచేసి ఆలస్యం చేయొద్దు. ఈ ఉద్యోగం రాకపోతే మా బావ కోళ్ల ఫారంలో కాపలాకు పోవాలి. మా నాయన అప్పుడే ఆయనకు మాటిచ్చేశాడు.

మీ రాతకోసం కాచుకుని ఉన్న,
మునికుమార్

తా.క.: కోళ్లంటే నాకు భయం. ఇది మీ మనసులోనే ఉంచుకోండి.

*

తిరుపతి.

తమ్ముడు మునికుమార్‌కు గోవిందయ్య దీవెనలు.

పోస్టుకార్డు అడిగావు. నాకది కూడా అలవాటు లేదు. ఫోన్లో నువ్వు దొరకవు కాబట్టి తప్పక కవరే రాస్తున్నాను.

నేనెందుకు మెయిల్ రాయనో చెబుతాను, విను. ఈ వ్యాపారానికి ముందు నేను దామలచెరువు మామిడి మండీలో దళారిని. అక్కడ రేటు పైకి అనే అలవాటు లేదు. తుండుగుడ్డ కింద చెయ్యీ చెయ్యీ కలిపి, వేళ్లు నొక్కి బేరమాడతాం. రైతు చెయ్యి చెమర్చిందంటే కాయ మాగిపోతోందని, ఈ పూట అమ్మక తప్పదని అర్థం. ఇప్పుడు ఫోనే నా తుండుగుడ్డ. మనిషి "ఊఁ" అనే తీరులోనే వాడికి పని ఎంత అవసరమో తెలిసిపోతుంది. మెయిల్లో చెమట తెలియదు కదప్పా! పైగా నేను జీతం రాసి పంపితే, నువ్వు ఆ కాగితం పట్టుకుని ఇంకో ఏజెంటు దగ్గరికి పోయి బేరం పెట్టవా?

సరే, ఫోన్ చేస్తే ఆ మహాతల్లి ఎత్తింది. మునికుమార్ ఉన్నాడా అన్నాను. "వాడు లేడు గానీ నువ్వెవురు? ఏ ఊరు? ఎవురి కొడుకువి? అన్నం తింటివా?" అంది. వాటికి జవాబులు చెప్పేసరికి నేనెందుకు ఫోన్ చేశానో నేనే మరిచిపోయాను. ఆమే గుర్తు చేసింది. గుర్తు చేసి ఫ్యాక్టరీ పేరు, మేనేజరు నారాయణ గారి ఊరు, ఆయన భార్య పుట్టిల్లు దాకా లాగింది. జీతం మాటెత్తితే "మావోని కోసం ఇంకా రెండు కంపెనీలోళ్లు తిరగతా ఉండారు. గది ఇస్తేనే పంపిస్తాం" అని ఫోన్ పెట్టేసింది.

ఆ రెండు కంపెనీలేవి? శుక్రవారంలోగా తేల్చకపోతే ఇంకొకరిని పంపేస్తాను.

తుండుగుడ్డ సాక్షిగా నీ మేలు కోరే,
గోవిందయ్య

తా.క.: ఫోను కంటే నీ ఉత్తరమే నయం. ఇంత చెమట నేను మండీలో కూడా చూడలేదు. కోళ్ల సంగతి తెలిసింది కాబట్టి, జీతం ఇంకొంచెం తగ్గించి మాట్లాడుకుందాం.

*

వడమాలపేట.

గోవిందయ్య గారి పాదాలకు మునికుమార్ నమస్కరించి రాయునది.

కొంప ముంచిందండీ మా అత్త! అసలు ఆమె నాకు అత్త కూడా కాదు, వీధంతా అట్లా పిలుస్తారు, అంతే. "నిన్నెవరు మాట్లాడమన్నారు?" అని అడిగితే, "నువ్వు నోరు మూసుకోరా. అవసరం ఉండేవోడు బేరంలోకి రాకూడదు" అంది. ఆమె చెప్పిన రెండు కంపెనీల్లో ఒకటి మా బావ కోళ్ల ఫారం. రెండోది ఏదో ఆ దేవుడికే తెలియాలి.

ఆమె మాటలు పట్టించుకోవద్దు. గది లేకపోయినా వస్తాను. జీతం తగ్గినా వస్తాను. ఇంకొకరిని మాత్రం పంపొద్దండీ. శుక్రవారం తలుచుకుంటే అన్నం దిగడం లేదు. కాకపోతే ఆ తగ్గేదేదో రాసివ్వండి.

మీ దయకోసం చేతులు జోడించిన,
మునికుమార్

తా.క.: ఈ ఉత్తరం సంగతి తెలిస్తే అత్త నన్ను బతకనివ్వదు. చదివి చింపేయండి.

*

తిరుపతి.

మునికుమార్ గారికి గోవిందయ్య నమస్కారాలు. (అవును, గారే. ఎందుకో చదువు.)

నీ ఉత్తరం అందగానే మహా హుషారుగా ఫోన్ చేశాను. "మీవోడే రాసినాడమ్మా. గది వద్దంట, జీతం తగ్గినా సరేనంట" అన్నాను. "అట్లనా" అంది మీ అత్త. ఆమె వెనక ఎవరో "థూ" అన్నారు. ఇంకో గొంతు "సిగ్గులేనోడు" అంది. ఫోన్లో ఇన్ని గొంతులెక్కడివని ఆశ్చర్యపోయాను.

స్పీకరు ఫోనట! మొదటి రోజు నుంచీ దాని మీట నొక్కి, వసారాలో పెట్టి, వీధి మొత్తానికీ నన్ను వినిపిస్తోందట! నీకు రాయలేదు గానీ, ఆ రోజు మాటల వేడిలో కంపెనీ నీకెంత ఇస్తుందో, అందులో నాకెంత మిగులుతుందో గొప్పకు పోయి చెప్పేశాను. ఇప్పుడు అది ఎత్తి చూపింది. "నేనెప్పుడు సెప్తిని?" అన్నాను, అలవాటు కొద్దీ.

"సెప్తివి!" అని మీ వీధంతా ఒక్క గొంతుతో అరిచింది. నా చెవి ఇంకా మోగుతోంది. కాగితమైతే చింపేస్తాను. వీధిని ఎట్లా చింపేదప్పా?

అంతటితో ఆగిందా? నారాయణ గారి భార్య పుట్టినూరూ, మీ అత్త పుట్టినూరూ ఒకటేనట. నేరుగా ఆయన ఇంటికే ఫోన్ చేసింది. ఆయన నాకు ఫోన్ చేసి, కంపెనీ ఇచ్చేదంతా కుర్రవాడికి చేరాలి, గది ఉండాలి, అన్నీ రాసివ్వాలి అన్నారు. లేకపోతే ఇక నా గడప తొక్కరట.

ఇదిగో, జీతం, గది, సెలవులు అన్నీ రాసి, ముద్ర వేసి, సంతకం పెట్టాను. రేపే తడ బస్సెక్కు.

ఓడిపోయి రాస్తున్న,
గోవిందయ్య

తా.క.: నేను ముద్ర వేసి, సంతకం పెట్టి కాగితం రాసివ్వడం పెళ్లయ్యాక ఇదే మొదటిసారి. మా ఆవిడ వీలునామా అనుకుని ఏడ్చింది.

*

తడ.

నాకు బతుకుతెరువు చూపిన గోవిందయ్య గారికి మునికుమార్ నమస్కారాలు.

చేరాను. గదికి కిటికీ కూడా ఉంది. మొదటి రాత్రి వాన పడింది. నా బొమ్మలూ తడవలేదు, నేనూ తడవలేదు. నిజం చెబుతున్నా, కళ్లలో నీళ్లు తిరిగాయి.

వీధంతా నన్ను థూ అన్నదని తెలిశాక తలెత్తుకోలేకపోయాను. కానీ బస్సెక్కేటప్పుడు ఆ థూ అన్నవాళ్లే అందరూ వచ్చారు. అత్త మాత్రం రాలేదు, ఫోన్ మోగుతుందేమోనని. రాతైతే మోసం ఉండదనుకున్నాను గానీ, నా రాతే నన్ను చవకగా అమ్మేసిందండీ. ఇకమీద కాంట్రాక్టు పొడిగింపైనా, ఏదైనా, నాకు ఒక్క ముక్క కూడా రాయొద్దు. అత్తకే ఫోన్ చేయండి.

సుఖంగా ఉన్న,
మునికుమార్

తా.క.: నారాయణ గారు ఇంకా వెల్డర్లు, ఫిట్టర్లు కావాలన్నారు. అత్త నంబరు అడిగితే ఇచ్చాను. తప్పా?

*

తిరుపతి.

నా పొట్ట కొట్టిన మునికుమార్ గారికి గోవిందయ్య రాయునది.

తప్పా అని అడుగుతావా నాయనా! ఫ్యాక్టరీ నుంచి నాకు ఫోన్లు ఆగిపోయాయి. నగరి నుంచి, పుత్తూరు నుంచి వెల్డర్లు, ఫిట్టర్లు అందరూ మీ అత్త వసారాలోనే కూర్చుంటున్నారట. కంపెనీవాళ్లు స్పీకరులో ఒక మాటంటే ఇరవై చెవులు వింటున్నాయట, మాట తప్పే ధైర్యం ఎవరికీ లేదట. నా ఆఫీసులో ఈగలు కూడా లేవు.

నిన్న సిగ్గు విడిచి ఆమెకే ఫోన్ చేశాను. "అమ్మా, నీకు ఒంటిచేత్తో కష్టంగా ఉంటాది. నన్ను పనిలో పెట్టుకో, ఫోన్లన్నీ నేను సూసుకుంటాను" అన్నాను. ఆమె ఏమందో తెలుసా?

"నోటి మాట వద్దప్పా. నువ్వు మాట మార్చే రకం. ఏం పని సేస్తావో, ఎంత అడగతావో, రాసి పంపు."

వసారా అంతా నవ్వింది. రాశాను. బయోడేటా దీనితో జత చేశాను. ఆదివారం ఊరికి పోయినప్పుడు ఆమె చేతికివ్వు. నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పు, స్పీకరు ఆపేసి.

మీ వీధి వసారాలో ఇంత చోటు కోరే,
గోవిందయ్య

తా.క.: ఆమె ఎంతిస్తే అంతే తీసుకుంటాను. ఈ ముక్క మాత్రం చింపేసి మిగతాది ఇవ్వు.