తవుడు బస్తా ఎత్తానండీ

ఏవండీ,

మీరు పోయాక చేపల మేతకని తవుడు బస్తా పడవలోకి ఎత్తలేక మన చేపల చెరువు లీజుకిచ్చేద్దామనుకున్నాను. యాభై దాటాక కండ కరిగిపోతుందట. మన అమ్మాయి ఏలూరులో డాక్టరమ్మను అడిగి కండకు బలమిచ్చే క్రియాటిన్ పొడి పంపింది. తెల్లగా ఉంటే చేపల మందనుకుని సగం డబ్బా తవుడులో కలిపేశాను!

"అమ్మా, అది నీకే, చేపలకు కాదు!" అని ఫోన్లో ఒకటే నవ్వు.

మిగిలింది రోజూ మజ్జిగలో కలుపుకుని తాగాను. అమ్మాయి చెప్పినట్టు గట్టు మీద గుంజీళ్ళు కూడా తీశాను. ఇవాళ బస్తా నేనొక్కదాన్నే ఎత్తి పడవలో వేశాను. చెరువు ఎవరికీ ఇవ్వను.

ఎత్తే ముందు మాత్రం అలవాటుగా, "ఆ కొస పట్టుకోండి," అన్నానండీ.